బెబ్బులి పేరు ఎవరిది?

మాది శ్రీకాకుళం అంటే హైదరాబాదులో సాటి ముస్లింలే ఓ పట్టాన నమ్మరు. 'అక్కడా మనవాళ్లున్నారా?' అంటారు. మాది విజయనగరం అంటే హంపీ దగ్గరా అని అడుగుతారు. ఉన్నాం. రెండు జిల్లాల్లోనూ నూటికి ఒక్కరం కూడా లెక్కకు రాం గానీ, ఉన్నాం. మా ఉర్దూ వింటే పాతబస్తీ వాళ్లకు నవ్వు. మా తెలుగు వింటే బెజవాడ వాళ్లకు నవ్వు. ఇరుగుపొరుగుకు మేం సాయిబులం, మసీదులో బయటి నుంచి వచ్చే మౌలానాలకు మేం సగం తెలుగోళ్లం. ఇంత తక్కువమందిమి కాబట్టి మాకో చరిత్ర ఉంటుందని, దాన్ని ఎవరైనా చదవాలని మాకే తోచలేదు.

ఇప్పుడు తోస్తోంది. తోయించింది మా పిల్లలు. డిగ్రీ చేతికొచ్చిన ఒకరిద్దరు పై చదువుకు విదేశం పోతామంటున్నారు. అందులో వింత లేదు. వింతేమిటంటే వాళ్లు అడుగుతున్నది కంప్యూటర్లు కాదు, ఎం.బి.ఏ. కాదు. సమకాలీన కళలు, సంస్కృతి మీద ఎం.ఏ. చేస్తామంటున్నారు. ఇళ్లల్లో గొడవ మొదలైంది. 'అదేం చదువు బేటా, దాంతో ఉజ్జోగం ఏటొస్తాది?' అని అబ్బా అడుగుతాడు. మా వాడల్లో పాస్‌పోర్టు అంటే సౌదీ, దుబాయి, కువైట్. డబ్బు పంపడానికి పోయే దేశాలు అవి. డబ్బు పోసి పోయే దేశం మాకు కొత్త. పైగా బొమ్మలు, పాటలు, సినిమాల చదువు. అది హరామ్ అని ఒక పెద్దాయన, ఆడపిల్లను ఒంటరిగా అంత దూరం పంపుతారా అని ఇంకో పెద్దామె.

ఈ గొడవలో మేం పిల్లల పక్షం. ఎందుకో చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి. బొబ్బిలి దాకా వెళ్లాలి.

బొబ్బిలి పేరు తెలియని తెలుగువాడు ఉండడు. ఆ పేరు ఎలా వచ్చిందో తెలిసినవాళ్లు తక్కువ. పదిహేడో శతాబ్దం నడుమ గోల్కొండ కుతుబ్ షాహీల తరఫున చికాకోల్ అంటే ఇవాళ్టి శ్రీకాకుళానికి ఫౌజ్‌దారుగా వచ్చినవాడు షేర్ మహమ్మద్ ఖాన్. అతని వెంట వచ్చిన సేనానుల్లో బొబ్బిలి వంశానికి మూలపురుషుడు పెద్దారాయుడు ఉన్నాడు. విజయనగరం పూసపాటి వంశానికి మూలపురుషుడు మాధవవర్మ కూడా ఉన్నాడు. ఈ సంగతి జమీందారీ చరిత్రలన్నీ చెప్పేదే. బొబ్బిలి వాళ్లు కోట కట్టుకుని, తమకు ఆదరువైన ఖాన్ పేరు మీద దానికి పేరు పెట్టారు. షేర్ అంటే పులి. పెద్దపులి, బెబ్బులి, బొబ్బిలి. తెలుగువాళ్ల పౌరుషానికి గుర్తుగా చెప్పుకునే ఊరి పేరు ఒక సాయిబు పేరుకు తెనిగింపు అని ఆ వంశపు చరిత్రే చెబుతోంది.

శ్రీకాకుళంలో జామియా మసీదు ఆ షేర్ మహమ్మద్ ఖాన్ కట్టించిందే. 1641 నాటిదని చెబుతారు. గుడి రాళ్లతో కట్టాడన్న మాట కూడా ఉంది. ఆ మాటను మేం దాటేసి పోం. ఏలినవాళ్లు ఏలినవాళ్లలాగే ప్రవర్తిస్తారు, వాళ్లు ఏ మతం వాళ్లయినా. అయితే ఆ ఫౌజ్‌దారుకు వారసులం మేమేనని ఎవరు నిర్ణయించారు? అతని గుర్రానికి గడ్డి వేసినవాడు, అతని సిపాయిలకు గుడ్డ నేసినవాడు, దూది ఏకినవాడు, ఫకీరై ఊరూరా తిరిగినవాడు మా తాతలు. చికాకోల్ ఫౌజ్‌దారుగా ఉన్న అన్వరుద్దీన్ ఖాన్ 1744లో ఆర్కాటు నవాబయ్యాడు. మా తాతలు ఎక్కడికీ పోలేదు, నాగావళి ఒడ్డునే ఉండిపోయారు. పాఠ్యపుస్తకంలో మాత్రం ఫౌజ్‌దారు ఉన్నాడు, దూదేకులవాడు లేడు. అలా మేం ఏలని రాజ్యానికి మేం జవాబుదారీ అయ్యాం.

విజయనగరం కోట కథ ఇంకోరకం. 1713లో విజయదశమి నాడు శంకుస్థాపన జరిగిందని, ఆ స్థలం చూపించింది అక్కడి అడవిలో తపస్సు చేసుకుంటున్న మహబూబ్ వలీ అనే ఫకీరని చెబుతారు. ఇది జనం చెప్పుకునే కథ. అయినా ఒక హిందూ రాజు కోటకు ఒక ముస్లిం ఫకీరును సాక్షిగా నిలబెట్టుకున్నారు ఈ ఊరి జనం. ఊళ్లో బాబామెట్ట మీద ఖాదర్ వలీ బాబా దర్గాకు ఇవాళ్టికీ మాకంటే హిందువులే ఎక్కువగా వస్తారు. ఇదే ఊళ్లో 1919లో పుట్టిన సంగీత కళాశాలకు మొదటి ప్రిన్సిపాల్ ఆదిభట్ల నారాయణదాసు. హరికథా పితామహుడని అందరికీ తెలుసు. ఆయన పారశీకం నేర్చుకుని, ఉమర్ ఖయ్యాం రుబాయీలను మూలం నుంచి సంస్కృతంలోకీ అచ్చ తెలుగులోకీ తెచ్చాడన్నది ఎంతమందికి తెలుసు? ఆ పుస్తకం 1932లో అచ్చయింది. అజ్జాడ గ్రామంలో పుట్టిన బ్రాహ్మడు ఫారసీ నేర్చాడు. ఇప్పుడు ఆ ఊళ్ల సాయిబుల పిల్లలకు ఫారసీ మాట దేవుడెరుగు, ఉర్దూ అక్షరాలు కూడా రావు. ఎవరి సంస్కృతి ఎవరిదో గీత గీసి చెప్పేవాళ్లు ముందు నారాయణదాసుకు జవాబు చెప్పాలి.

ఇక యుద్ధం సంగతి. 1753లో ఉత్తర సర్కారులు ఫ్రెంచివాళ్ల చేతికి పోయాయి. పేష్కషు వసూలుకు బుస్సీ దొర సైన్యంతో వచ్చాడు. విజయనగరం రాజు విజయరామరాజు అతనితో కలిశాడు. బొబ్బిలితో ఆయనకు పాత కక్షలు, నీళ్ల తగాదాలు ఉన్నాయి. 1757 జనవరి 24న బొబ్బిలి కోట కూలింది. ఆడవాళ్లూ పిల్లలూ కోటలోనే చనిపోయారు. తర్వాత తాండ్ర పాపారాయుడు విజయరామరాజును డేరాలో పొడిచి చంపాడు. ఇంతవరకు అందరికీ తెలిసిన కథే.

ఈ కథలో ఒక సాయిబు ఉన్నాడు. బుస్సీ దగ్గర దివాను హైదర్ జంగ్. మచిలీపట్నం ఫౌజ్‌దారు కొడుకు, అసలు పేరు అబ్దుల్ రహ్మాన్, ఫ్రెంచి భాష నేర్చినవాడు. జనం నోట నడిచిన కథలో దొర కంటే ఇతనే పెద్ద దోషి. లంచం పుచ్చుకున్నవాడు, దొర చెవిలో విషం పోసినవాడు. ఫిరంగులు ఫ్రెంచివాళ్లవి, పగ విజయనగరం రాజుది, చెడ్డపేరు దుబాసీ సాయిబుది. అతను సత్పురుషుడని మేం వాదించడం లేదు. పరాయి దొరకూ దేశపు రాజులకూ మధ్య నిలబడి బతికినవాడు అంత మంచివాడై ఉండడు. మా ప్రశ్న వేరు. నింద పంచుకునేటప్పుడు వాటాలు ఇలా ఎలా పడ్డాయి?

ఇదే కథను తెలుగు దేశమంతా తిరిగి బుర్రకథగా చెప్పినవాడు ఎవరు? షేక్ నాజర్. గుంటూరు జిల్లా పొన్నెకల్లులో దూదేకుల ఇంట పుట్టినవాడు. 1986లో పద్మశ్రీ అందుకున్నాడు, 1997లో పోయాడు. హైదర్ జంగ్‌ను తిట్టిపోసే కథను నాజర్ కంచుకంఠంతో చెబుతుంటే వేలమంది కళ్లనీళ్లు పెట్టుకున్నారు. ఎవరూ ఆయన్ను నువ్వెవరివని అడగలేదు. ఆయనకూ ఆ కథ పరాయిదనిపించలేదు. అంటే ఒకే కథలో మేం నింద మోసేవాళ్లం, కథ మోసేవాళ్లం కూడా. 1964లో అది సినిమా అయింది. ఊరూరా ఆడింది. అప్పుడు కూడా దాన్ని మేం టికెట్టు కొనుక్కుని చూసినవాళ్లమే గానీ దాని గురించి నాలుగు మాటలు రాసినవాళ్లం కాదు.

రాసింది ఎవరు? శ్రీకాకుళం జిల్లా అంబఖండిలో 1932లో పుట్టిన వెల్చేరు నారాయణరావు 1971లో అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయానికి వెళ్లి దశాబ్దాలపాటు తెలుగు చెప్పారు. ఆయనా, ఇజ్రాయెల్‌లో పనిచేసే డేవిడ్ షూల్మన్, చరిత్రకారుడు సంజయ్ సుబ్రహ్మణ్యం కలిసి 2001లో 'టెక్స్చర్స్ ఆఫ్ టైం' అనే పుస్తకం వేశారు. దక్షిణాది వాళ్లకు చరిత్ర రాయడం చేతకాదు, దొరలు వచ్చాకే నేర్చుకున్నారు అనే పాత మాటను అందులో కాదన్నారు. మనవాళ్లు కథలో, కావ్యంలో, పదంలో చరిత్ర రాసేవాళ్లు, విన్నవాళ్లకు ఏది చరిత్రో ఏది కల్పనో దాని తీరును బట్టే తెలిసేది అన్నారు. అందుకు వాళ్లు చూపిన పెద్ద ఉదాహరణల్లో ఒకటి బొబ్బిలి కథ. మా ఇంటి ముందు దుమ్ములో కూర్చుని విన్న కథ పరాయి దేశపు విశ్వవిద్యాలయాల్లో పాఠమైంది. మంచిదే. మాకు గర్వమే. అయితే ఆ పాఠం చెప్పే చోట మావాళ్లు లేరు, వినే చోటా లేరు. బెబ్బులిలో షేర్‌ను, దుబాసీ అబ్దుల్ రహ్మాన్‌ను, బుర్రకథ నాజర్‌ను ఒక చోట చేర్చి చదివే చూపు మా పిల్లలకు సహజంగా ఉంటుంది. ఆ చూపు ఇంకా పుస్తకం కాలేదు.

విదేశం వెళ్లి కళ చదివిన తెలుగువాళ్లు లేకపోలేదు. చిత్తూరు జిల్లా నందనూరులో 1925లో పుట్టిన కృష్ణారెడ్డి శాంతినికేతన్ నుంచి లండన్ స్లేడ్ స్కూలుకూ, అక్కడినుంచి పారిస్‌కూ వెళ్లి ముద్రణ కళలో ప్రపంచానికి కొత్త పద్ధతి నేర్పాడు. గుడివాడ వాడు ఎస్.వి. రామారావు 1962లో కామన్వెల్త్ స్కాలర్‌షిప్ మీద అదే స్లేడ్‌కు వెళ్లాడు. ఇద్దరూ గొప్పవాళ్లు. ఇద్దరూ పల్లెల, చిన్న ఊళ్ల నుంచి వెళ్లినవాళ్లే అన్నది మా పిల్లలకు ధైర్యం. మా వైపు చూసుకుంటే కనిపించేది మక్బూల్ ఫిదా హుసేన్. ఆయన బొంబాయిలో సినిమా హోర్డింగులు గీసి పైకొచ్చాడు. స్కాలర్‌షిప్పు మీద విదేశం వెళ్లలేదు. వెళ్లింది 2006లో, తొంభై ఏళ్లు దాటాక. కేసులు, బెదిరింపులు తరిమితే వెళ్లాడు. 2010లో ఖతర్ పౌరసత్వం తీసుకున్నాడు. 2011 జూన్ 9న లండన్‌లో కన్నుమూశాడు. ఒకరికి విదేశం చదువు, ఒకరికి విదేశం సమాధి. ఈ తేడాను మా పిల్లలు చూస్తూనే పెరిగారు.

సమకాలీన సంస్కృతి చదవడమంటే ఏమిటని అడిగే అబ్బాలకు ఒక సంగతి చెప్పాలి. ఇంగ్లండులో బర్మింగ్‌హాం విశ్వవిద్యాలయంలో 1964లో రిచర్డ్ హోగార్ట్ ఒక కేంద్రం పెట్టాడు. పోస్టు గ్రాడ్యుయేట్ పరిశోధన కోసమే పెట్టిన కేంద్రం. కావ్యాలు, పెద్దవాళ్ల బొమ్మలు మాత్రమే సంస్కృతి కాదు, పత్రికలు, సినిమాలు, టీవీ, కుర్రాళ్ల వేషభాషలు కూడా సంస్కృతేనని అక్కడ చదివారు. హోగార్ట్ తర్వాత దాన్ని నడిపినవాడు స్టువర్ట్ హాల్. జమైకాలో పుట్టిన నల్లవాడు, 1951లో స్కాలర్‌షిప్పు మీద ఆక్స్‌ఫర్డ్ వచ్చినవాడు. 1973లో బర్మింగ్‌హాంలోని హాండ్స్‌వర్త్ పేటలో ఒక దారిదోపిడీ కేసులో ముగ్గురు కుర్రాళ్లకు చాలా పెద్ద శిక్షలు పడ్డాయి. పత్రికలన్నీ 'మగ్గింగ్' అని అమెరికా నుంచి తెచ్చుకున్న మాటతో హోరెత్తించాయి. హాల్, ఆయన విద్యార్థులు అడిగిన ప్రశ్న ఇది. ఎప్పటినుంచో ఉన్న నేరానికి ఇప్పుడు కొత్త పేరెందుకు, ఆ పేరు వినగానే నల్ల కుర్రాడి మొహమే ఎందుకు కళ్లముందుకు వస్తుంది? పత్రిక, పోలీసు, కోర్టు కలిసి ఒక భయాన్ని ఎలా తయారుచేస్తాయో విప్పి చెబుతూ 1978లో పెద్ద పుస్తకం వేశారు.

ఇది చదివినప్పుడు మాకు ఎవరూ అనువాదం చేసి చెప్పనక్కర్లేకపోయింది. 1992 డిసెంబర్ తర్వాత మా పేరు చెప్పగానే ఎదుటివాడి మొహంలో వచ్చే మార్పు మాకు తెలుసు. తెలుగు సినిమాలో సాయిబు అంటే ముందు వచ్చీరాని తెలుగుతో నవ్వించేవాడు, తర్వాత బాంబు పెట్టేవాడు. మధ్యలో మా నాన్నలాంటివాడు, సైకిల్ రిపేరు షాపులో చేతికి గ్రీజు పూసుకుని కూర్చునేవాడు, ఎక్కడా లేడు. ఈ మాట 1991లో ఖాదర్ మొహియుద్దీన్ 'పుట్టుమచ్చ' అడిగింది, 1998లో స్కైబాబా తెచ్చిన 'జల్‌జలా' అడిగింది. బర్మింగ్‌హాంలో డాక్టరేట్లు చేసి అడిగిన ప్రశ్నను ఇక్కడ మావాళ్లు డిగ్రీల్లేకుండా కవిత్వంలో అడిగారు. కవిత్వం గాయం చూపించింది. ఆ గాయం ఎలా అయిందో సాక్ష్యాలతో, సంవత్సరాలతో రాయాల్సిన పని మిగిలి ఉంది. అందుకు చదువు కావాలి.

ఆ చదువుకు దారులు ఎలా ఉన్నాయి? మైనారిటీ విద్యార్థులు విదేశాల్లో చదవడానికి తీసుకునే అప్పుకు వడ్డీ భరించే 'పఢో పర్దేశ్' పథకాన్ని కేంద్రం 2013-14లో మొదలుపెట్టింది. 2022-23 నుంచి ఆపేసింది. ఇక్కడ పరిశోధన చేసే మావాళ్లకు ఆసరాగా ఉన్న మౌలానా ఆజాద్ ఫెలోషిప్‌ను కూడా అప్పుడే ఆపేసింది. ఎస్సీలకు, సంచార జాతులకు, భూమిలేని కూలీలకు, చేతివృత్తుల వాళ్లకు ఉన్న నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్‌లో 2022లో కొత్త నిబంధన పెట్టారు. భారతీయ సంస్కృతి, వారసత్వం, చరిత్ర, సమాజం మీద విదేశంలో చదివేవాళ్లకు ఆ డబ్బు ఇవ్వరు. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు వల్ల దళిత ముస్లింలు ఎస్సీల కింద ఎటూ రారు. అయినా ఈ నిబంధన మాకూ తగులుతుంది. దాని అర్థమేమిటి? ఇంజనీరింగు చదువుకో, డబ్బిస్తాం. నీ గురించి నువ్వు చదువుకుంటానంటే మాత్రం ఇవ్వం. దళితుడికి చెప్పినా మాకు చెప్పినా మాట ఒకటే.

అన్ని తలుపులూ మూసుకుపోలేదు. కామన్వెల్త్, చీవెనింగ్, ఫుల్‌బ్రైట్, ఇన్‌లాక్స్ ఉన్నాయి. 1981 నుంచి చార్లెస్ వాలెస్ ట్రస్టు కళలు, వారసత్వం చదివే భారతీయులకు సాయం చేస్తోంది. జర్మనీలో చాలా ప్రభుత్వ విశ్వవిద్యాలయాలు ట్యూషన్ ఫీజు తీసుకోవు. బ్రిటన్‌లో ఎం.ఏ. ఒక్క ఏడాదే, కాబట్టి ఖర్చు ఎక్కువైనా కాలం తక్కువ. అయితే వీటన్నిటికీ ఒకటి రాసివ్వాలి. నువ్వెవరు, ఏం చదవాలనుకుంటున్నావు, ఎందుకు? చేసిన పని చూపించాలి. మా పిల్లలు తడబడేది అక్కడ. ఇంగ్లీషు ఒక్కటే అడ్డు కాదు. చూపించడానికి తమ దగ్గర ఏమీ లేదనుకుంటారు.

ఉంది. బొబ్బిలి పక్కన గొల్లపల్లిలో పనసకర్రతో వీణ చెక్కేవాళ్లు ఉన్నారు. శ్రీకాకుళంలో కాళీపట్నం రామారావు మాస్టారు 1997లో పెట్టిన కథానిలయం ఉంది. తెలుగు కథల్లో సాయిబు ఎప్పుడెప్పుడు ఎలా కనిపించాడో వెతకాలంటే అంతకంటే మంచి చోటు లేదు. ఒకప్పుడు పడవలెక్కి పోయిన చికాకోల్ సన్న వస్త్రం కథ ఉంది. దర్గా మెట్ల మీద పాడే పాటలున్నాయి. పెళ్లిలో నానీమా పాడే, సగం ఉర్దూ సగం ఉత్తరాంధ్ర తెలుగు కలిసిన పాటలున్నాయి. అవి ఎవరూ రాసుకోలేదు. ఇవాళ రాసుకోకపోతే ఆమెతో పాటే పోతాయి. ఇవన్నీ పిల్లలు పట్టుకెళ్లాల్సిన సామాను.

వెళ్లేవాళ్లకు ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. అక్కడ మిమ్మల్ని ఒట్టి ముస్లింగానే చూడాలనుకునేవాళ్లు ఉంటారు. బురఖా గురించి చెప్పు, అల్లర్ల గురించి చెప్పు, ఏడ్చి చూపించు అంటారు. ఇక్కడ అనుమానం, అక్కడ జాలి. రెండూ మనిషిని చిన్నది చేసేవే. అస్తిత్వం అంటే ఎప్పుడో అయిపోయిన వస్తువు కాదు, ఇంకా తయారవుతూ ఉండేది అని స్టువర్ట్ హాల్ చెప్పాడు. శ్రీకాకుళం తెలుగు, దూదేకుల కులం, ఆడపుట్టుక, నాగావళి వరదలు, అన్నీ కలిసే మీరు. ఒక్కటి తీసి బల్లమీద పెట్టమంటే పెట్టకండి. మాలో మాకున్న ఎక్కువతక్కువలను కూడా దాచకండి. సయ్యదులు, పఠాన్లు దూదేకులవాళ్లను ఏ చూపు చూశారో, ఆడపిల్లల చదువును మేమెంత కాలం ఆపామో కూడా రాయండి. ఇతరుల తప్పు రాసే కలానికి మా తప్పు రాసే ధైర్యం లేకపోతే ఆ రాతకు విలువ లేదు.

ఆ బర్మింగ్‌హాం కేంద్రాన్ని 2002లో విశ్వవిద్యాలయమే మూసేసింది. అక్కడా ఇలాంటి చదువు ఎవరికీ ముద్దు కాదు. మూతపడేలోగా చదివినవాళ్లు ఆ ప్రశ్నలను లోకమంతా పట్టుకెళ్లారు. కాబట్టి చోటు పోయినా ప్రశ్న పోదు.

హరామ్ అన్న పెద్దాయనకు, ఉజ్జోగం ఏటొస్తాదన్న అబ్బాకు మేం చెప్పేది ఇంతే. ఉద్యోగం రావచ్చు, రాకపోవచ్చు. ఆ భయం నిజమైనదే, అప్పు తీర్చాల్సింది మీరే కాబట్టి దాన్ని తేలిగ్గా తీసేయం. అయితే ఈ నేలమీద నాలుగు వందల ఏళ్లు ఉండి, ఒక ఊరికి పేరై, ఒక యుద్ధంలో దోషై, ఆ యుద్ధానికి గొంతై, చివరికి పుస్తకంలో ఒక పేరా కూడా కాకుండా పోవడం కూడా నష్టమే. ఆ నష్టానికి ఏ బ్యాంకూ లెక్క కట్టదు.

రేపు మా అమ్మాయి ఏ లండన్‌లోనో, బెర్లిన్‌లోనో తరగతి గదిలో నిలబడి, మాది బొబ్బిలి దగ్గర అని చెప్పినప్పుడు ఆ మాటకు అర్థమేమిటని ఎవరో అడుగుతారు. పెద్దపులి అంటుంది. పులి ఎక్కడిదని అడుగుతారు. అప్పుడు ఆమె షేర్ దగ్గర మొదలుపెట్టి నాజర్ దాకా చెప్పగలగాలి. మేం అప్పు చేసేది ఆ జవాబు కోసం.